నడుం ఆపరేషన్ అన్నా, మెదడులో రక్తం అన్నా... ఆ వైద్యం మీద జరిగిన పరిశోధనని మీరే చదువుకోవడం ఎలా

నాకు చుట్టాల నుంచి రెండు రకాల ఫోన్లు వస్తుంటాయి. ఒకటి పగలు వస్తుంది. "అన్నా, నాన్నకి ఎమ్మారై తీయించాం, ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జారిందట, ఆపరేషన్ అంటున్నారు, చేయించాలా వద్దా?" రెండోది ఎక్కువగా రాత్రిపూట వస్తుంది. "మామయ్య బాత్రూంలో పడిపోయారు, సీటీలో మెదడులో రక్తం కనబడిందంట, సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయమంటావ్?"

నేను డాక్టర్ని కాదు. న్యూరోసర్జరీ విభాగంలో క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తాను. ట్రయల్లో, అంటే ఒక వైద్యం పనిచేస్తుందో లేదో రోగుల మీదే చూసే పరిశోధనలో, చేరినవాళ్ళ ఫైళ్ళు చూసుకోవడం, కన్సెంట్ ఫారం (ఒప్పుకుంటూ సంతకం పెట్టే పత్రం) చదివి వినిపించడం, మూడు నెలలకో ఆరు నెలలకో ఇంటికి ఫోన్ చేసి మనిషి ఎలా ఉన్నాడో అడిగి రాసుకోవడం నా పని. అందుకే ఆపరేషన్ చేయించాలో వద్దో నేను చెప్పలేను. ఆ ఆపరేషన్ మీద జరిగిన పరిశోధన ఎక్కడ దొరుకుతుందో, దాన్ని ఎలా చదవాలో, చదివాక డాక్టరు గారిని ఏం అడగాలో మాత్రం చెప్పగలను. ఇంటర్ దాకా చదివి, ఇంగ్లీషు నెమ్మదిగా చదవగలిగిన ఎవరైనా చేయగల పనే ఇది.

ఒక్క తేడా మాత్రం ముందే గుర్తుపెట్టుకోండి. నడుం విషయంలో చాలామందికి చదువుకోవడానికి వారాల టైము ఉంటుంది. మెదడులో రక్తస్రావం అయితే గంటలే. కాబట్టి మెదడు గురించి రాసిన భాగాన్ని అవసరం వచ్చినప్పుడు చూద్దామని వదిలేయకండి, ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళో ఉంటే ఇవాళే చదవండి.

ముందుగా, చదవడం పక్కన పెట్టి పరిగెత్తాల్సిన సందర్భాలు

నడుం నొప్పితో పాటు మూత్రం బిగుసుకుపోయినా, లేదా తెలియకుండా పోతున్నా, సైకిల్ సీటు తగిలే భాగమంతా మొద్దుబారినా, రెండు కాళ్ళలో బలం తగ్గుతున్నా, పాదం పైకి లేవక నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. నడుం నొప్పితో జ్వరం ఉన్నా, ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్ళకి కొత్తగా నడుం నొప్పి మొదలైనా అంతే.

ఉన్నట్టుండి మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, ఒక చేయి పడిపోవడం, జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా రావడం, వాంతులతో మగతగా అయిపోవడం కనిపిస్తే నిమిషం కూడా ఆగొద్దు. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్ళండి, ఎందుకంటే పక్షవాతం రక్తనాళం మూసుకుపోయి వచ్చిందా, చిట్లి వచ్చిందా అనేది స్కాన్ లేకుండా ఎంత పెద్ద డాక్టరైనా కచ్చితంగా చెప్పలేరు, ఒకదానికి ఇచ్చే మందు రెండోదానికి ప్రాణం తీస్తుంది. అందుకే దారిలో ఆస్ప్రిన్ వేయకండి.

ఒకటో పని: ఫైల్లోంచి జబ్బు అసలు పేరు రాసుకోవడం

"నడుం ప్రాబ్లం", "బ్రెయిన్‌లో క్లాట్" అని వెతికితే ఏమీ దొరకదు. నడుముకైతే రిపోర్టు చివర నాలుగైదు వరుసలు ఉంటాయి కదా, అవి ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద దించుకోండి. డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందా, వయసుతో నరాల దారి ఇరుకైందా, ఒక పూస ఇంకో పూస మీద ముందుకి జరిగిందా, పూస చిట్లిందా? ఈ నాలుగూ నాలుగు వేరే జబ్బులు, వీటి మీద పరిశోధనలూ వేరే. నొప్పి నడుములో ఎక్కువా, కాల్లో ఎక్కువా అన్నది కూడా పక్కనే రాయండి. డిస్క్ ఆపరేషన్ల మీద జరిగిన పరిశోధన ముఖ్యంగా కాలు లాగే నొప్పి గురించే.

ఎమ్మారై ఫిల్ము ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని "ఇదిగో ఇక్కడ ఉబ్బింది" అని చూపించగానే మనకి గుండె జారిపోతుంది. అయితే 2015లో ఒక సమీక్ష వచ్చింది, నడుం నొప్పే లేని 3,110 మంది స్కాన్లని కలిపి చూశారు. డిస్క్ ఉబ్బు 20 ఏళ్ళవాళ్ళలోనే 30 శాతం మందికి ఉంది, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతానికి ఉంది. ఏ నొప్పీ లేకుండానే. అంటే ఫిల్ములో కనిపించిన ఉబ్బూ మీ నొప్పీ ఒకే నరం దగ్గర కలుస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న, దాన్ని డాక్టరు కాలు ఎత్తి చూసి, సుత్తితో కొట్టి చూసి తేలుస్తారు. ఆ పరీక్ష చేయకుండా ఫిల్ము మాత్రమే చూసి డేట్ ఇస్తే ఇంకో డాక్టరుకి చూపించండి.

మెదడు విషయంలో రక్తం ఎక్కడ చేరిందన్నదే జబ్బు పేరు. మెదడు కండలోపలే చిట్లితే అది ఒకటి, ఎక్కువగా బీపీ వల్ల వస్తుంది. మెదడు చుట్టూ ఉండే నీటి పొరలోకి చిమ్మితే అది వేరు, దెబ్బ తగలకుండా వస్తే చాలాసార్లు రక్తనాళం మీద బుడగ పగిలి వస్తుంది. పైపొరల కింద మెల్లగా చేరేది ఇంకోటి, పెద్దవాళ్ళు ఎప్పుడో మూడు వారాల క్రితం తల కొట్టుకుని మర్చిపోయి ఉంటారు, ఇప్పుడు నడక తూలుతూ మతిమరుపుగా కనిపిస్తారు. యాక్సిడెంట్లో పుర్రె కింద చేరేది నాలుగోది. ఒకదాని మీద జరిగిన స్టడీని ఇంకోదానికి అన్వయించకూడదు.

రక్తం ఎంత ఉందో కూడా అడగండి, మిల్లీలీటర్లలో చెబుతారు. రిపోర్టులో కొలతలు మాత్రమే ఉంటే మీరే సుమారుగా వేసుకోవచ్చు: పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో తీసుకుని మూడూ గుణించి రెండుతో భాగించాలి. 5, 4, 3 ఉన్నాయనుకోండి, 60ని రెండుతో భాగిస్తే 30 మి.లీ. డాక్టర్లు కూడా చాలాచోట్ల ఈ లెక్కే వాడతారు. 30 మి.లీ. దాటిందా లేదా అన్నది చాలా పేపర్లలో ఒక గీత. దానితో పాటు స్పృహ స్కోరు, అంటే 1974లో గ్లాస్గోలో తయారైన 3 నుంచి 15 దాకా ఉండే ఆ అంకె, వచ్చినప్పటి బీపీ, ఏ మందులు వాడుతున్నారన్నది కూడా ఒకే కాగితం మీద ఉండాలి.

రెండో పని: ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయడం

ఇలా రాయండి: "58 ఏళ్ళ మనిషి, ఎనిమిది వారాలుగా ఎడమ కాలు లాగుతోంది, ఇప్పుడే ఆపరేషన్ చేస్తే, ఇంకో మూడు నెలలు మందులతో ఆగడం కంటే, సంవత్సరం తర్వాత ఏమైనా మెరుగ్గా ఉంటాడా?" ఎవరు, ఏ వైద్యం, దేనితో పోల్చి, ఏ ఫలితం, ఎన్నాళ్ళకి. ఈ ఐదూ లేకపోతే మీరు చదివే ప్రతి పేపరూ మీ గురించే రాసినట్టు అనిపిస్తుంది. "ఆపరేషన్ మంచిదేనా" అన్న ప్రశ్నకి ఏ పరిశోధనా జవాబివ్వదు, దేనికంటే మంచిది అని అడిగితేనే ఇస్తుంది.

మూడో పని వెతకడం, ఇది పెద్ద కష్టం కాదు. పబ్‌మెడ్ అని గూగుల్లో కొడితే వస్తుంది, వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైటు, ఉచితం. రిపోర్టులోని జబ్బు పేరు అదే స్పెల్లింగుతో వేయండి, పక్కన చికిత్స పేరు వేయండి, ఎడమవైపు రాండమైజ్డ్ ట్రయల్స్ (ఎవరికి ఏ వైద్యమో చీటీ తీసినట్టు నిర్ణయించే పరిశోధనలు) మాత్రమే చూపించే గడి ఉంటుంది, టిక్ పెట్టండి. సారాంశం అందరికీ కనిపిస్తుంది, పూర్తి పేపరు చాలాసార్లు ఉచితంగానే ఉంటుంది. యూట్యూబ్‌లో పేషెంటు కన్నీళ్ళతో చెప్పే వీడియోలు ఈ పని పూర్తయ్యేదాకా చూడకండి. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని కాదు, బాగవని వాళ్ళు వీడియో చేయరు కాబట్టి.

నాలుగో పని: ఆ స్టడీలో ఉన్నది మీలాంటివాళ్ళేనా?

ముగింపు వాక్యం చదివేసి మూసేయొద్దు. మొదటి పట్టికకి వెళ్ళండి. ఎంత వయసువాళ్ళు, ఎన్నాళ్ళుగా నొప్పి, ఎవరిని చేర్చుకోలేదు. ఒక ఉదాహరణ చూపిస్తాను.

2007లో నెదర్లాండ్స్ నుంచి ఒక ట్రయల్ వచ్చింది. డిస్క్ వల్ల 6 నుంచి 12 వారాలుగా కాలు విపరీతంగా లాగుతున్న 283 మంది. చీటీ తీసినట్టు సగం మందికి వెంటనే ఆపరేషన్ అని, సగం మందికి మందులతో ఆగి, అవసరమైతేనే ఆపరేషన్ అని నిర్ణయించారు. వెంటనే చేసినవాళ్ళు సగటున 4 వారాల్లో కోలుకున్నామన్నారు, ఆగినవాళ్ళకి 12 వారాలు పట్టింది. సంవత్సరం తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది బాగయ్యామనే చెప్పారు. ఆగినవాళ్ళలో 39 శాతం మంది మధ్యలో నొప్పి తట్టుకోలేక ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా 61 శాతం మందికి కత్తి పడలేదు.

ఇది చదివి "అయితే ఆగొచ్చు" అనుకుంటారు. ఆగండి. పాదం లేపలేనంత బలహీనత ఉన్నవాళ్ళని ఆ ట్రయల్లో అసలు చేర్చుకోలేదు. 65 దాటినవాళ్ళూ లేరు. ఇంకొకటి, 2020లో కెనడాలో ఒకే ఆస్పత్రిలో 128 మంది మీద జరిగింది, వాళ్ళకి అప్పటికే 4 నుంచి 12 నెలలుగా నొప్పి ఉంది. ఆరు నెలల తర్వాత పదికి కాలి నొప్పి ఆపరేషన్ గుంపులో 2.8, ఆగిన గుంపులో 5.2. అదే డిస్క్, అదే ఆపరేషన్, నొప్పి వయసు మారింది, జవాబు మారింది. అందుకే మీ కాగితం మీద "ఎన్నాళ్ళుగా" అన్న చోట కచ్చితమైన తేదీ ఉండాలి, "చాన్నాళ్ళుగా" అని రాస్తే ఉపయోగం లేదు.

ఐదో పని: ఎంతమంది గుంపు మారారో చూడటం

ఇది చాలామంది చూడరు. అమెరికాలో 13 ఆస్పత్రుల్లో జరిగిన స్పోర్ట్ అనే పెద్ద ట్రయల్ 2006లో వచ్చింది, డిస్క్ జారిన 501 మంది. ఆపరేషన్ అని చీటీ వచ్చినవాళ్ళలో మూడు నెలల్లో నిజంగా చేయించుకున్నది సగం మందే. మందులు అని చీటీ వచ్చినవాళ్ళలో 30 శాతం మంది అదే మూడు నెలల్లో ఆపరేషన్‌కి వెళ్ళిపోయారు. మరి నొప్పితో ఉన్న మనిషిని చీటీ వచ్చిందని కట్టేయలేం కదా. చీటీ ప్రకారం లెక్కేస్తే రెండు గుంపులకీ తేడా చిన్నది, నమ్మకంగా చెప్పలేనంత. నిజంగా ఏది చేయించుకున్నారో దాని ప్రకారం లెక్కేస్తే ఆపరేషనే చాలా మెరుగు. ఒకే ట్రయల్ నుంచి ఒక డాక్టరు "పెద్ద తేడా లేదు" అని, ఇంకో డాక్టరు "ఆపరేషనే మేలు" అని చెబితే ఇద్దరూ తప్పు చెప్పినట్టు కాదు. ఏ లెక్క ప్రకారం చెబుతున్నారో అడగండి. చీటీ లెక్కే గట్టిది, ఎందుకంటే రెండో లెక్కలో తమంతట తాము ఆపరేషన్ ఎంచుకున్నవాళ్ళు మొదటినుంచే వేరే రకం మనుషులయ్యే అవకాశం ఉంది. కానీ సగం మంది మారిపోయినప్పుడు చీటీ లెక్క కూడా నిజమైన తేడాని కప్పేస్తుంది. నేను ఎన్నిసార్లు చదివినా ఈ ట్రయల్ ఒక్క వాక్యంలో తేలదు, తేల్చి చెప్పేవాళ్ళని నేను నమ్మను.

స్క్రూలు, రాడ్లు వేయాలన్నప్పుడు ఇంకా జాగ్రత్తగా చదవండి, ఖర్చు లక్షల్లో పెరిగేది ఇక్కడే. పూస జరిగి నరాల దారి ఇరుకైన 267 మంది మీద నార్వేలో జరిగిన ట్రయల్ 2021లో వచ్చింది. సగం మందికి ఇరుకు తీసి వదిలేశారు, సగం మందికి ఇరుకు తీసి స్క్రూలతో బిగించారు. రెండేళ్ళకి చెప్పుకోదగ్గ మెరుగుదల మొదటి గుంపులో 71 శాతం మందికి, రెండో గుంపులో 73 శాతం మందికి. స్వీడన్ ట్రయల్ 2016లో దాదాపు ఇదే చెప్పింది, అదే ఏడాది అమెరికాలో 66 మందితో జరిగిన చిన్న ట్రయల్ మాత్రం స్క్రూల వైపు కొంచెం మొగ్గింది. పూసలు బాగా కదిలిపోతున్నవాళ్ళకి బిగించక తప్పదు, అది వేరే సంగతి. మీకు కదులుతోందా లేదా అన్నది ముందుకి వంగి, వెనక్కి వంగి తీసే మామూలు ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఆ ఎక్స్‌రే తీశారా అని అడగండి.

ఆరో పని: ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చారా?

నొప్పికి చేసే ఏ వైద్యానికైనా ఈ ప్రశ్న వేయాలి. ఎముకలు గుల్లబారి పూస చిట్లిన పెద్దవాళ్ళకి సూదితో సిమెంటు ఎక్కించే పద్ధతి ఏళ్ళ తరబడి ఊపుగా సాగింది. ఎక్కించాక నొప్పి తగ్గిందని అందరూ చెప్పేవాళ్ళు, నిజంగానే తగ్గేది. 2009లో రెండు ట్రయల్స్ ఒకేసారి అచ్చయ్యాయి, ఒకటి 78 మందితో, ఇంకోటి 131 మందితో. సగం మందికి సిమెంటు ఎక్కించారు. సగం మందిని అదే బల్ల మీద పడుకోబెట్టి, మత్తు సూది ఇచ్చి, వీపు మీద నొక్కి, సిమెంటు డబ్బా మూత తీసి గదంతా ఆ వాసన నింపి, సిమెంటు మాత్రం ఎక్కించలేదు. రెండు గుంపుల్లోనూ నొప్పి ఒకేలా తగ్గింది! కాలంతో తగ్గేదో, ఏదో చేశారన్న నమ్మకంతో తగ్గేదో కలిసి అంత పనిచేశాయి. ఆ తర్వాత 2016లో చిట్లి ఆరు వారాలు దాటనివాళ్ళ మీద చేసిన ఒక ట్రయల్లో సిమెంటుకి మేలు కనిపించింది, కాబట్టి పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. ఇక్కడా మళ్ళీ "ఎన్నాళ్ళయింది" అన్న ప్రశ్నే.

ఏడో పని: "బాగయ్యారు" అంటే ఏంటో చూడటం

మెదడు పరిశోధనలకి ఇది ప్రాణం లాంటిది, కొంచెం ఓపికగా చదవండి.

ఎక్కువ ట్రయల్స్ రాంకిన్ అనే స్కేలు వాడతాయి, 0 నుంచి 6. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు. 2 అంటే మునుపటి పనులన్నీ చేయలేరు కానీ తన పనులు తానే చూసుకుంటారు. 3 అంటే కొంత సాయం కావాలి, నడక మాత్రం సొంతంగా. 4 అంటే ఎవరో పట్టుకోనిదే నడవలేరు. 5 అంటే మంచం. 6 అంటే చనిపోయారు. పేపర్లో "మంచి ఫలితం" అన్నప్పుడు ఎక్కడ గీత గీశారో వెతకండి, కొందరు 2 దగ్గర గీస్తారు, కొందరు 3 దగ్గర.

మెదడులోపలి రక్తస్రావానికి ఆపరేషన్ మీద మొదటి పెద్ద ట్రయల్ స్టిచ్, 2005లో వచ్చింది, 27 దేశాల్లో 1,033 మంది. వెంటనే ఆపరేషన్ చేసిన గుంపులో మంచి ఫలితం 26 శాతం, ముందు మందులతో చూసిన గుంపులో 24 శాతం. దాదాపు సమానం. కానీ వివరాల్లోకి వెళ్తే, మొదటినుంచే పరిస్థితి బాగాలేనివాళ్ళకి "మంచి ఫలితం" గీతని కిందకి జరిపారు, చాలా సాయం కావాల్సిన స్థితిలో ఉన్నవాళ్ళలో కొందరు కూడా అందులో లెక్కకి వచ్చారు. ఇంకో ముఖ్యమైన మాట, ఆపరేషన్ చేయాలో వద్దో సర్జన్‌కే సందేహం ఉన్న రోగులనే ఇందులో చేర్చారు. చేయకపోతే పోతాడని సర్జన్‌కి స్పష్టంగా అనిపించిన మనిషి ఈ ట్రయల్లో లేడు. చిన్నమెదడులో రక్తం చేరి స్పృహ తగ్గుతున్నవాళ్ళ సంగతి కూడా వేరు, అక్కడ వెంటనే తీయమనే మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి స్టిచ్ పేపరు పట్టుకుని "ఆపరేషన్ దండగ" అనకూడదు.

ఇంకో ఉదాహరణ. తలకి దెబ్బ తగిలి మెదడు వాచి, ఒత్తిడి ఏ మందుకీ దిగనివాళ్ళు 408 మందికి పుర్రె ముక్క తీసే ఆపరేషన్ మీద 2016లో ట్రయల్ వచ్చింది. ఆరు నెలలకి చనిపోయినవాళ్ళు ఆపరేషన్ గుంపులో 27 శాతం, మందుల గుంపులో 49 శాతం. చాలా పెద్ద తేడా. అదే పట్టికలో ఇంకో వరుస ఉంది, కళ్ళు తెరిచి ఉన్నా ఏ ఎరుకా లేని స్థితిలో మిగిలినవాళ్ళు 8.5 శాతం, 2.1 శాతం. ప్రాణం నిలిచిన ప్రతి మనిషీ లేచి నడవలేదు. ఈ రెండు వరుసలూ కలిపి చదివాకే ఇంట్లో మాట్లాడుకోండి. మనిషి స్పృహలో ఉన్న రోజుల్లో ఇలాంటి పరిస్థితి గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నారా అని పిన్నినో అత్తయ్యనో అడగండి.

రాత్రి రెండో రకం ఫోన్ వస్తే

ఇక్కడ పేపర్లు చదివే టైము లేదు, చదివినవాళ్ళు ఏం అడగాలో చెబుతాను. 2023లో మెదడు కండలోపలి రక్తస్రావం మీద ఇంటరాక్ట్3 అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి, 10 దేశాల్లో 121 ఆస్పత్రులు, 7,036 మంది, మన దేశం కూడా అందులో ఉంది. వాళ్ళు చేసింది కొత్త మందూ కాదు, ఖరీదైన యంత్రమూ కాదు. బీపీ పై అంకెని గంటలోపు 140 కిందకి తేవడం, షుగర్ అదుపులో పెట్టడం, జ్వరం 37.5 డిగ్రీలు దాటకుండా చూడటం, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్ళకి దాని ప్రభావాన్ని వెంటనే తిప్పికొట్టడం. ఈ నాలుగూ కలిపి పద్ధతిగా చేసిన చోట పరిస్థితి దిగజారే అవకాశం తగ్గింది. నాకు ఈ ట్రయల్ అంటే చాలా గౌరవం, ఎందుకంటే జిల్లా ఆస్పత్రిలో కూడా చేయగల పని ఇది.

కాబట్టి అడగాల్సినవి: బీపీ ఇప్పుడెంత, ఎంతకి దించాలనుకుంటున్నారు? షుగర్ ఎంత? జ్వరం ఉందా? మీరుగా చెప్పాల్సింది, అడగకపోయినా చెప్పాల్సింది: గుండెకి, స్టెంటుకి, వాల్వుకి వాడే మందులు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు మందుల డబ్బా మొత్తం సంచిలో వేసుకెళ్ళండి, డాక్టరు రాసిన మందుల చీటీ కోసం వెతుక్కోకండి. మా బంధువుల్లో ఒకాయనకి వాల్వు ఆపరేషన్ అయి వార్ఫరిన్ వాడుతున్నాడన్న సంగతి డాక్టర్లకి తెలిసేసరికి నాలుగు గంటలైంది, తీసుకెళ్ళిన కుర్రాడికి ఆ మందు పేరు తెలియదు, తెలిసిన మనిషి ఇంట్లో ఏడుస్తూ కూర్చుంది.

బీపీ ఎంత దించితే అంత మంచిదనీ అనుకోవద్దు. 2016లో 1,000 మంది మీద ఇంకా కిందకి, 110 నుంచి 139 మధ్యకి దించి చూశారు, అదనపు లాభం కనిపించలేదు, కిడ్నీ ఇబ్బందులు పెరిగాయి.

ఆపరేషన్ గురించి ఒక్క మాట. 2024లో ఎన్రిచ్ అనే ట్రయల్ 300 మందితో వచ్చింది, 30 నుంచి 80 మి.లీ. రక్తం ఉన్నవాళ్ళకి 24 గంటల్లోపు సన్నని గొట్టం దించి తీసే పద్ధతి. 30 రోజుల్లో చనిపోయినవాళ్ళు 9.3 శాతం, మందుల గుంపులో 18 శాతం. మేలు కనిపించింది మెదడు పైభాగంలో రక్తం ఉన్నవాళ్ళకే. లోపలి గడ్డలకి, అంటే బీపీ వల్ల ఎక్కువగా వచ్చే చోట, మేలు కనబడక మధ్యలోనే చేర్చుకోవడం ఆపేశారు. ఆ పరికరం తయారుచేసే కంపెనీయే డబ్బు పెట్టింది, దాంతో ఫలితం అబద్ధమైపోదు కానీ ఇంకెవరైనా చేసి చూసేదాకా కొంచెం నిదానంగా నమ్మాలి. కాబట్టి "రక్తం పైన ఉందా, లోపల ఉందా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి డాక్టరు గారు కూర్చుని బొమ్మ గీసి మరీ చెప్పిన సందర్భాలు చూశాను.

పెద్దవాళ్ళకి మెల్లగా చేరే రక్తానికి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తామంటే మాత్రం ఆలోచించండి. 2020లో బ్రిటన్‌లో 748 మంది మీద చూశారు, ఆరు నెలలకి బాగున్నవాళ్ళు స్టెరాయిడ్ గుంపులో 84 శాతం, ఉత్తుత్తి మాత్ర గుంపులో 90 శాతం. మందు వేసినవాళ్ళే వెనకబడ్డారు.

డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు

ప్రింటవుట్ల కట్ట బల్ల మీద పెట్టకండి. ఓపీలో మీ వెనక నలభై మంది ఉంటారు. ఒకే కాగితం, మూడు ప్రశ్నలు. "సార్, ఆగితే ఏమవుతుంది, ఎన్నాళ్ళు ఆగొచ్చు?" "మేడమ్, ఈ పరిస్థితిలో ఉన్న పదిమందిలో ఎంతమందికి మీ దగ్గర కాలి నొప్పి తగ్గింది?" "ఈ స్టడీలో ఉన్నవాళ్ళకీ మా నాన్నగారికీ తేడా ఏంటి?" మూడోది అడిగిన తీరు బాగుంటే చాలామంది డాక్టర్లు ఇష్టంగా చెబుతారు. ఆరోగ్యశ్రీలో వస్తుంది కదా, చేయించేద్దాం అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. డబ్బు కట్టకపోయినా కోత కోతే, ప్రశ్నలు అవే.

ట్రయల్లో చేరమని అడిగితే

భయపడి పారిపోకండి, మొహమాటంతో సంతకమూ పెట్టకండి. ముందు సీటీఆర్ఐ నంబరు అడగండి. మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ఈ రిజిస్ట్రీ 2007 నుంచి ఉంది, 2009 జూన్ 15 నుంచి నమోదు తప్పనిసరి. ఆ నంబరు సైట్లో కొడితే ఎవరు చేస్తున్నారు, ఎంతమందిని చేర్చుకుంటారు, దేన్ని కొలుస్తారు అన్నీ కనిపిస్తాయి. కన్సెంట్ ఫారం తెలుగులో ఉండాలి, ఇంగ్లీషుది ఇచ్చి "ఏం లేదండీ, ఫార్మాలిటీ" అంటే తెలుగుది తెమ్మనండి. అందులో నాలుగు విషయాలు వేలు పెట్టి వెతకండి: ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు, మధ్యలో మానుకుంటే మామూలు వైద్యం ఆగదని రాశారా, ట్రయల్ కోసం చేసే అదనపు పరీక్షల ఖర్చు ఎవరిది, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉందా. మనిషి స్పృహలో లేకపోతే దగ్గరి బంధువు సంతకం పెడతారు. ఒక్కసారి గట్టిగా చదివించి వినండి, ఫారం చదివించమని అడిగినందుకు ఎవరూ వైద్యం ఆపకూడదు, ఆపరు కూడా.

చేరినవాళ్ళకి చివరగా ఒక పని ఉంటుంది. మూడు నెలలకో ఆరు నెలలకో తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తుంది, అది నాలాంటివాళ్ళదే. "ఎలా ఉన్నారండీ?" అంటే "మీ దయ వల్ల బాగానే ఉన్నారండీ" అంటారు. నేను వదలకుండా అడుగుతాను, అన్నం ఎవరు కలిపి పెడుతున్నారు, బాత్రూంకి ఎవరు తీసుకెళ్తున్నారు అని. అప్పుడు అవతలి గొంతు మారిపోతుంది. "నేనే ఎత్తుకెళ్తానండీ, రెండు పూటలా." రాంకిన్ స్కేల్లో 2 అని రాయబోయి 5 రాసిన కాల్స్ ఎన్నో. కాబట్టి ఆ నంబరు ముందే అడిగి సేవ్ చేసుకోండి, దగ్గరుండి చూసుకునే మనిషే ఫోన్ ఎత్తండి, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఆయన సొంతంగా ఏం చేసుకోగలుగుతున్నారో, ఏం చేసుకోలేకపోతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి.